మౌనం అర్ధాంగీకారం కాదని చట్టం ఒప్పుకోవడానికి 153 ఏళ్ళు

పెళ్ళిచూపుల్లో అమ్మాయి తల దించుకుని కూర్చుంటుంది. ‘ఏమ్మా, అబ్బాయి నచ్చాడా?’ అని అడిగిన పెద్దావిడ జవాబు కోసం ఆగదు. ‘సిగ్గుపడుతోంది, ఇష్టమేలెండి’ అని తనే తేల్చేస్తుంది. మౌనం అర్ధాంగీకారం అన్న మాట మన నోళ్ళలో అంత తేలిగ్గా ఆడుతుంది. అత్యాచారం కేసుల్లో మన కోర్టులు కూడా చాలాకాలం ఆ పెద్దావిడ పద్ధతిలోనే నడిచాయి. అరవలేదా, గీరలేదా, ఒంటిమీద దెబ్బల్లేవా? అయితే ఒప్పుకున్నట్టే.

‘సమ్మతి’ అన్న మాట 1860 నాటి శిక్షాస్మృతిలోనే ఉంది. అత్యాచారం విషయంలో ఏది సమ్మతి అవుతుందో విడమరిచి రాసింది మాత్రం 2013లో. ఇవాళ పేపర్లో కనిపించే గొడవలు మూడు: ‘పెళ్ళి చేసుకుంటానని నమ్మించి’ అని మొదలయ్యే వార్తలు, పదిహేడేళ్ళ అమ్మాయి ఇల్లు వదిలి వెళ్తే అబ్బాయి మీద పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు, భర్త బలవంతం నేరమా కాదా అని సుప్రీంకోర్టులో వాదన. పైకి దేనికదే అనిపిస్తాయి. మూడింటి అడుగునా ఉన్న తగాదా మాత్రం ఒకటే. ఆమె ఒప్పుకుందో లేదో చెప్పాల్సింది ఎవరు, దాన్ని ఎక్కడ వెతకాలి?

## ఇష్టం, సమ్మతి, లొంగిపోవడం

పాత శిక్షాస్మృతి 375వ సెక్షన్ ‘ఆమె ఇష్టానికి విరుద్ధంగా’, ‘ఆమె సమ్మతి లేకుండా’ అని రెండు మాటలు విడివిడిగా వాడింది. మనం మాట్లాడుకునేటప్పుడు రెండూ ఒకటే. చట్టంలో కాదు. వద్దని ఎదురుతిరిగిన మనిషి విషయంలో జరిగింది ఇష్టానికి విరుద్ధం. మత్తుమందు ఇచ్చి పడుకోబెట్టిన మనిషికి వద్దనే అవకాశమే లేదు. అక్కడ ఇష్టం మాట తేలకపోవచ్చు, సమ్మతి మాత్రం లేదు.

మూడోది లొంగిపోవడం. పసిబిడ్డ మెడమీద కత్తి పెట్టి ‘నోరు మూసుకో’ అంటే తల్లి నోరు మూసుకుంటుంది. ఆమె లొంగింది, ఒప్పుకోలేదు. ఇది చెప్పడానికి లా చదవక్కర్లేదు. అయినా ప్రాణభయం చూపించి తీసుకున్న సమ్మతి చెల్లదన్న క్లాజులో 1983 దాకా ఆమె సొంత ప్రాణం మాటే ఉంది. ఆమెకి కావలసిన వాళ్ళ ప్రాణం మాట ఆ ఏడాదే చేర్చారు.

లొంగడానికీ ఒప్పుకోవడానికీ ఉన్న ఈ తేడాని దేశం మొత్తం చర్చించేలా చేసిన కేసు మన పొరుగునే జరిగింది.

## దేశాయిగంజ్ ఠాణా, నల్లకుంట ఠాణా

ఇప్పటి గడ్చిరోలి జిల్లా మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉంది. అక్కడి దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌కి 1972 మార్చి 26 రాత్రి ఒక ఆదివాసీ కూలి అమ్మాయిని, ఆమె అన్న పెట్టిన ఫిర్యాదు మీద వాంగ్మూలం కోసం పిలిపించారు. తల్లిదండ్రులు లేని పిల్ల. వయసు పద్నాలుగుకీ పదహారుకీ మధ్య ఉంటుందని డాక్టర్ల అంచనా. రాత్రి పదిన్నర ప్రాంతంలో మిగిలిన వాళ్ళని బయటికి పంపి, ఆమెని ఒక్కదాన్నే లోపల ఉంచారు. ఇద్దరు కానిస్టేబుళ్ళ మీద కేసు నడిచింది. దేశమంతా ఆ కేసుని ఆ అమ్మాయి పేరుతోనే గుర్తుపెట్టుకుంది. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు, కారణం తర్వాత చెబుతాను.

1974లో సెషన్స్ కోర్టు ఆమెని అబద్ధాలకోరు అంది. ఆమెకి అంతకుముందే శారీరక సంబంధాలున్నాయి కాబట్టి ఇది బలాత్కారం కాదని నిందితుల్ని వదిలేసింది. 1976లో బొంబాయి హైకోర్టు ఆ తీర్పుని తిరగేసింది. భయంతో కదలకుండా ఉండిపోవడం సమ్మతి కాదంటూ శిక్షలు వేసింది. 1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మళ్ళీ తిరగేసింది. ఒంటిమీద గాయాల్లేవు కాబట్టి ప్రతిఘటించానన్న ఆమె మాట అబద్ధమనీ, జరిగింది గొడవలేని వ్యవహారమనీ రాసింది. రాత్రిపూట, తలుపేసిన ఠాణాలో, యూనిఫాం వేసుకున్న ఇద్దరి ముందు ఆ వయసు పిల్ల ఏపాటి ప్రతిఘటన చేస్తుందన్న ఆలోచన ఆ తీర్పులో కనబడదు.

అదే 1978లో, ఆ తీర్పుకి కొన్ని నెలల ముందు, హైదరాబాద్ నల్లకుంట ఠాణా పేరు మోగిపోయింది. రాత్రి సినిమా చూసి వస్తున్న ఒక జంటని పోలీసులు పట్టుకున్నారు. ఆమెపై సామూహిక అత్యాచారం జరిగిందన్న ఆరోపణ వచ్చింది, పోలీసు దెబ్బలకి భర్త చనిపోయాడు. ఊరు అట్టుడికింది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ విచారణ కమిషన్ వేశారు. ఆ కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదనలో పెద్ద భాగం ఆమె నడవడిక మీదే నడిచింది. ఆమెది అసలు పెళ్ళే కాదని, ఆమె వ్యభిచారి అని చూపించడానికే అంత తిప్పలూ. కమిషన్ ఆ వాదనని నమ్మలేదు, పోలీసుల్నే తప్పుపట్టింది. తర్వాత క్రిమినల్ కేసు కర్ణాటకలోని రాయచూరుకి బదిలీ అయింది. 1981లో అక్కడి కోర్టు నిందితుల్ని నిర్దోషులుగా వదిలేసింది.

ఆ లాయర్లు గాల్లోంచి తెచ్చిన వాదనేం కాదు అది. 1872 సాక్ష్య చట్టం 155వ సెక్షన్ నాలుగో క్లాజు, అత్యాచారం కేసులో ఫిర్యాదుదారు ‘సాధారణంగా నీతి తప్పిన మనిషి’ అని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టేయించే వీలు చట్టబద్ధంగానే ఇచ్చింది. అంటే సమ్మతిని ఆ రాత్రిలో కాదు, ఆమె గతంలో వెతికేవారు. ఒకసారి ఎవరితోనో ఒప్పుకుంటే అందరితోనూ ఒప్పుకున్నట్టు లెక్క.

దేశాయిగంజ్ తీర్పు వచ్చిన ఏడాదికి, 1979 సెప్టెంబరులో, ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు లా అధ్యాపకులు సుప్రీంకోర్టుకి బహిరంగ లేఖ రాశారు. వాళ్ళ వాదనలోని కీలకం ఒక్క ముక్కలో పడుతుంది: సమ్మతిలో లొంగడం ఉండొచ్చు, లొంగిన ప్రతిచోటా సమ్మతి ఉండదు. లేఖతో పాటు మహిళా సంఘాలు రోడ్డెక్కాయి. కోర్టు తన తీర్పుని మార్చుకోలేదు గానీ, ప్రభుత్వం చట్టం మార్చక తప్పలేదు.

## పేపర్లో మాటలు మారిన తీరు

మన భాషలోనే ఒక సాక్ష్యం ఉంది. పాత పత్రికల్లో ఈ నేరం పేరు ‘మానభంగం’. మానం అంటే పరువు, అది ఇంటిదీ వంశానిదీ కూడా. ఆ మాట ప్రకారం దెబ్బతిన్నది ఆమె శరీరమో నిర్ణయమో కాదు, మర్యాద. మర్యాద పోయే పరిస్థితి వస్తే ప్రాణం ఒడ్డి అయినా కాపాడుకోవాలని ఆశిస్తారు. కాపాడుకోకపోతే అనుమానిస్తారు. గాయాలు చూపించమన్న జడ్జీల వెనక ఉన్నదీ ఈ లెక్కే. తర్వాత ‘అత్యాచారం’ వాడుకలోకి వచ్చింది, ఇప్పుడు ‘లైంగిక దాడి’ అంటున్నారు. దాడి అన్నాక అవతలివాడేం చేశాడన్న ప్రశ్న ముందుకొస్తుంది. పేరు మారినంత మాత్రాన ఠాణాలో రైటర్ అడిగే ప్రశ్నలు మారిపోయాయని నేననను. కానీ పేరు మారడం చిన్న విషయం కాదు.

## 1983, 2003, 2013: మూడు అడుగులు

1983 సవరణతో సాక్ష్య చట్టంలోకి 114ఏ వచ్చింది. పోలీసు, జైలు, ఆసుపత్రి లాంటి అధికారం కింద ఉన్న చోట సంభోగం జరిగినట్టు రుజువై, ‘నేను ఒప్పుకోలేదు’ అని ఆమె కోర్టులో చెబితే, ఒప్పుకోలేదన్న భావనతోనే కోర్టు మొదలుపెట్టాలి. కాదని చూపించే భారం నిందితుడిది. ఇలాంటి కేసులకి కనీసం పదేళ్ళ శిక్ష పెట్టారు. బాధితురాలి పేరు ప్రచురించడాన్ని నేరం చేసిన శిక్షాస్మృతి 228ఏ సెక్షన్ కూడా అప్పటిదే. పైన రెండు పేర్లూ రాయకపోవడానికి కారణం అది.

2003 నాటి సవరణ చట్టంతో 155వ సెక్షన్లోని ఆ నీతి క్లాజుని తీసేశారు. 130 ఏళ్ళకి పైగా బతికిందది. కోర్టు గదిలోంచి పోయినా ఆసుపత్రి గదిలో మిగిలింది. ‘టూ ఫింగర్ టెస్ట్’ పేరుతో ఆమెకి ముందే సంబంధాలున్నాయా అని డాక్టర్లు రాసే అలవాటు దాని దొడ్డిదారి రూపమే. అది ఆమె గోప్యతని భంగపరుస్తుందని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. అయినా ఆగకపోతే, ఆ పరీక్ష చేసినవాళ్ళు దుష్ప్రవర్తనకి పాల్పడ్డట్టేనని 2022లో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

మూడో అడుగు నిర్భయ ఉదంతం తర్వాత. జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ దాదాపు 80 వేల సూచనలు చూసి 29 రోజుల్లో నివేదిక ఇచ్చింది. 2013 సవరణలో 375వ సెక్షన్‌కి చేర్చిన వివరణ సారం ఇది: సమ్మతి అంటే స్పష్టమైన, స్వచ్ఛందమైన ఒప్పుకోలు. మాటతోనో సైగతోనో మరో రకంగానో, ఆ నిర్దిష్ట చర్యకి తాను సుముఖమని ఆమె తెలియజేయాలి. ఆమె ఒంటితో ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు అనుకోకూడదు. 2024 జులై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్లోనూ ఇదే ఉంది.

ఒక ఉదాహరణ పెట్టుకుని చూద్దాం. ఇద్దరు సహోద్యోగులు, స్నేహితులు. అతని గదికి ఆమె తనంతట తానే వెళ్ళింది, ముద్దుకి అభ్యంతరం చెప్పలేదు. అతను ఇంకా ముందుకెళ్ళబోతే ‘వద్దు, నేను వెళ్తాను’ అంది. అతను ఆగలేదు. ఆమె బిగుసుకుపోయింది, అరవలేదు. గాయాల్లేవు. 1978 నాటి చూపుతో ఈ కేసు నిలబడేది కాదు. గదికి వెళ్ళడం, గాయాలు లేకపోవడం, రెండే చాలు. 1983 సవరణ కూడా ఆమెకి అక్కరకి రాదు, ఎందుకంటే అతను పోలీసూ కాదు, జైలరూ కాదు. 2013 వివరణ ప్రకారం ముద్దుకి ఒప్పుకోవడం ముద్దు వరకే.

అక్షరం మారినంత వేగంగా చెవి మారదు. 2017లో ఢిల్లీ హైకోర్టు ఒక పేరున్న కళాకారుడి కేసులో, ముందునుంచీ పరిచయం ఉన్నవాళ్ళ మధ్య బలహీనంగా అన్న ‘వద్దు’ నిజంగా వద్దనేనా అన్న సందేహంతో అతన్ని విడుదల చేసింది. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. ఈ తీర్పు మీద రెండు వాదాలున్నాయి. స్పష్టమైన ఒప్పుకోలు కావాలని చట్టమంటుంటే, స్పష్టమైన ‘వద్దు’ కావాలని కోర్టు తిరగేసిందని విమర్శకులు అంటారు. ఆమె మనసులో ఏముందో మాత్రమే కాదు, అది అతనికి అర్థమైందో లేదో కూడా చూడాలనీ, నేరబుద్ధి రుజువు కాకుండా జైలు వేయడం కుదరదనీ రెండో పక్షం అంటుంది. రెండో వాదంలోని సూత్రం సరైనదే, దాన్ని ఆ కేసుకి అతికించిన తీరుతోనే నాకు పేచీ.

## ‘పెళ్ళి చేసుకుంటానని నమ్మించి’

ఇక్కడ ఆమె ‘సరే’ అంది. అది అబద్ధం మీద నిలబడ్డ ‘సరే’ అయితే ఏమిటన్నదే తగువు. వాస్తవాన్ని తప్పుగా నమ్మి ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదని పాత శిక్షాస్మృతి 90వ సెక్షన్ అంటుంది.

2006లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక అప్పీలులో సుప్రీంకోర్టు శిక్షని ఖాయం చేసింది. ఆ నిందితుడు పంచాయతీ పెద్దల ముందు సంబంధం నిజమేనని ఒప్పుకుని, ఆ తర్వాత ఊరొదిలి పారిపోయాడు. మొదటినుంచీ అతనికి పెళ్ళి ఉద్దేశమే లేదని కోర్టు తేల్చింది. 2019లో ప్రమోద్ సూర్యభాన్ పవార్ తీర్పు కొలతని ఇంకా స్పష్టం చేసింది. మాట ఇచ్చిన నాడే అది అబద్ధమై ఉండాలి. ఆమె ఒప్పుకోవడానికి ఆ మాటే నేరుగా కారణమై ఉండాలి.

నాలుగేళ్ళు ప్రేమించుకున్నారు, కులం కుదరక ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలేదు, అబ్బాయి వెనక్కి తగ్గాడు. ఇది మాట తప్పడం. అతన్ని పిరికివాడు అనొచ్చు, అత్యాచారం చేశాడనడం కుదరదు. మరోచోట అబ్బాయికి ఊళ్ళో పెళ్ళాం పిల్లలున్నారు, అది దాచి పెళ్ళి మాట ఇచ్చాడు. ఇక్కడ మాట పుట్టుకతోనే అబద్ధం. న్యాయ సంహిత 69వ సెక్షన్ ఇప్పుడు దీనికోసం విడిగా ఒక నేరం పెట్టింది. అత్యాచారం కిందకి రాకపోయినా, నెరవేర్చే ఉద్దేశం లేని పెళ్ళి మాటతో గానీ, ఉద్యోగం, ప్రమోషన్ ఆశ చూపడం, గుర్తింపు దాచి పెళ్ళాడటం లాంటి మోసంతో గానీ సంబంధం పెట్టుకుంటే పదేళ్ళ దాకా శిక్ష.

పెళ్ళి హామీ లేకపోతే ఆడది ఒప్పుకోదన్న పాత నమ్మకాన్నే ఈ సెక్షన్ శాశ్వతం చేస్తోందని స్త్రీవాదుల్లో కొందరి అభ్యంతరం. తెగిపోయిన ప్రతి ప్రేమా కేసు అవుతుందని ఇంకొందరి భయం. సెక్షన్‌ని సమర్థించేవాళ్ళు ఊరి వాస్తవం చూడమంటారు. పెళ్ళికి ముందు సంబంధం బయటపడితే ఆ తర్వాత సంబంధాలు రానిది ఆమెకే, అతనికి కాదు. అలాంటి చోట పెళ్ళి మాట ఉత్త మాట కాదు, దానికి ధర ఉంది. ఈ ముడి చట్టం విప్పగలిగేది కాదనిపిస్తుంది.

## మూడు ముళ్ళతో సమ్మతి శాశ్వతమా?

భార్యని బలవంతం చేసినా అత్యాచారం కిందకి రాదని భర్తకి ఇచ్చే మినహాయింపు ఆలోచన ఇంగ్లండ్ జడ్జి మాథ్యూ హేల్‌ది. పెళ్ళితో భార్య తనని తాను ఇచ్చేసుకుంది, వెనక్కి తీసుకోలేదు అని పదిహేడో శతాబ్దంలో రాశాడు. ఇంగ్లండే 1991లో దాన్ని వదిలేసింది. మన చట్టంలో అది ఇప్పటికీ ఉంది.

దీని చుట్టూ మన దగ్గర చాలా పాత గొడవే నడిచింది. పదకొండేళ్ళకి పెళ్ళి చేసిన రుక్మాబాయిని భర్తతో కాపురానికి వెళ్ళమని బొంబాయి హైకోర్టు 1887లో ఆదేశిస్తే, జైలుకైనా వెళ్తాను గానీ కాపురానికి వెళ్ళనంది. తర్వాత డాక్టరైంది. దాదాపు వందేళ్ళ తర్వాత అదే ప్రశ్న కడప కోర్టు నుంచి మన హైకోర్టుకి వచ్చింది. సినీనటి టి. సరితని కాపురానికి పంపించమని కోరుతూ హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద భర్త వేసిన పిటిషన్ అది. 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్‌నే కొట్టేశారు. దాంపత్యంలో కలవాలో వద్దో నిర్ణయించుకునే హక్కుని మనిషి చేతిలోంచి లాగి ప్రభుత్వం చేతిలో పెట్టడమే ఇలాంటి డిక్రీ అని ఆయన తర్కం. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు దాంతో విభేదించింది, కాపురాలు నిలబెట్టడానికి ఆ సెక్షన్ పనికొస్తుందంది. తెలుగు నేల మీద వచ్చిన తీర్పుల్లో ఇంత ముందుచూపు ఉన్నవి తక్కువ. ఆ తీర్పుకి ఆధారమైన గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పింది 2017లో.

అదే 2017లో మైనర్ భార్య విషయంలో మినహాయింపు చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. అంతవరకూ పదిహేనేళ్ళు నిండిన భార్యకి ఈ రక్షణ లేదు. పద్దెనిమిది దాటిన భార్యల సంగతి 2022లో ఢిల్లీ హైకోర్టులో రెండుగా చీలింది. జస్టిస్ రాజీవ్ శక్ధర్ మినహాయింపు రాజ్యాంగ విరుద్ధమన్నారు, జస్టిస్ సి. హరిశంకర్ కాదన్నారు. వర్మ కమిటీ ఎత్తేయమంది, పార్లమెంటు స్థాయీసంఘం కుటుంబ వ్యవస్థ మీద ఒత్తిడి పడుతుందంది. 2024లో కేంద్రం సుప్రీంకోర్టుకి చెప్పింది మధ్యేమార్గంలా ఉంటుంది: భార్య సమ్మతిని ఉల్లంఘించే హక్కు భర్తకి లేదు, అయితే దాన్ని అత్యాచారం అనడం మరీ కఠినం, గృహహింస చట్టం లాంటివి ఉన్నాయి కదా అని. అంటే సమ్మతి అక్కర్లేదన్న వాదన ఎవరూ చేయడం లేదు. ఏ పేరు పెట్టి ఎంత శిక్ష వేయాలన్న దగ్గరే పేచీ.

## పదేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళకి

1860లో సమ్మతి వయసు పదేళ్ళు. 1890 ప్రాంతంలో కలకత్తాలో పదేళ్ళు దాటిన బాలవధువు భర్తతో కలయిక వల్ల చనిపోతే, వయసు దాటింది కాబట్టి భర్త మీద అత్యాచారం కేసు నిలబడలేదు, ఏడాది జైలుతో సరిపోయింది. ఆ దుమారంలో 1891లో వయసుని పన్నెండు చేశారు. మా ఇళ్ళలోకి తెల్లవాడి చట్టం ఎందుకని తిలక్ లాంటివాళ్ళు ఎదిరించారు. తర్వాత 1925లో పద్నాలుగు, 1949లో పదహారు, 2012లో పోక్సోతో పద్దెనిమిది అయింది. 2013లో మళ్ళీ పదహారు చేద్దామని కేంద్ర క్యాబినెట్ అనుకుని, అఖిలపక్షంలో అభ్యంతరాలొస్తే వెనక్కి తగ్గింది.

వింత ఇక్కడే ఉంది. చదువులు పెరిగి, ఫోన్లు వచ్చి, ఇంటర్లోనే ప్రేమలు మొదలయ్యే కాలంలో చట్టం గీత పైకి జరిగింది. పదిహేడేళ్ళ ఎనిమిది నెలల అమ్మాయి, మొబైల్ షాపులో పనిచేసే పంతొమ్మిదేళ్ళ అబ్బాయి గుళ్ళో దండలు మార్చుకున్నారనుకోండి. తండ్రి మిస్సింగ్ కేసు పెడతాడు. దొరికాక పోక్సో సెక్షన్లు చేరతాయి. ‘నా ఇష్టంతోనే వెళ్ళాను’ అని ఆమె మేజిస్ట్రేట్ ముందు చెప్పినా చట్టం దాన్ని లెక్కలోకి తీసుకోదు. శారీరక సంబంధం రుజువైతే కనీసం పదేళ్ళు, గర్భం ఉంటే కనీసం ఇరవై. జడ్జి తగ్గించడానికి వీల్లేదు.

వయసు తగ్గించాలనేవాళ్ళు ఇది ప్రేమని నేరం చేయడమేనంటారు, కులాంతర జంటల మీద తల్లిదండ్రులకి ఆయుధం అంటారు. వద్దనేవాళ్ళకీ బలమైన కారణాలున్నాయి. బాల్యవివాహాలు, అమ్మాయిల అక్రమ రవాణా, ఇంట్లోవాళ్ళే చేసే వేధింపులు. పదహారు అని రాస్తే ‘ఒప్పుకుంది’ అనే డిఫెన్స్ ఈ కేసులన్నిటిలోకీ వచ్చేస్తుంది. 2023లో లా కమిషన్ వయసు తగ్గించొద్దని చెప్పి, 16 నుంచి 18 మధ్య కేసుల్లో శిక్ష విషయంలో జడ్జికి కొంత విచక్షణ ఇవ్వమని సిఫారసు చేసింది.

2025 మేలో సుప్రీంకోర్టు ముగించిన పశ్చిమబెంగాల్ కేసులో ఈ రెండు వాదనలూ ఒకే మనిషి జీవితంలో ఎదురుపడ్డాయి. సంబంధం మొదలైనప్పుడు ఆమెకి పద్నాలుగు, అతనికి పాతిక. తేలిగ్గా ‘ప్రేమే కదా’ అనేసే తేడా కాదు అది. కోర్టు అతను దోషేనని 2024లో తేల్చింది. ఆ తర్వాత కమిటీ వేసి, అప్పటికి పెద్దదై, బిడ్డతో అతని ఇంట్లో ఉంటున్న ఆమెని అడిగించింది. జరిగినదాన్ని ఆమె నేరంగా చూడటం లేదు. తనని నలిపేసింది పోలీసులు, కోర్టులు, అతన్ని జైలు నుంచి తప్పించడానికి చేసిన పోరాటం. సుప్రీంకోర్టుకి ప్రత్యేక అధికారం ఇచ్చే రాజ్యాంగం 142వ అధికరణ కింద కోర్టు అతనికి శిక్ష వేయకుండా వదిలేసింది. విషయం తెలుసుకుని నిర్ణయించుకునే అవకాశం మొదట్లో ఆమెకి దొరకనే లేదన్న సంగతి కూడా అదే తీర్పులో రాసింది.